ఆరు టక్కులు విన్నాకే మొదటి మెట్టు

ఫ్యాన్లు, ట్యూబులైట్లు బిగించే పనిలో చేరిన కొత్తలో మాతోపాటు వెదురు నిచ్చెన వచ్చేది. దాని పొడవు 15 అడుగులు. అపార్ట్‌మెంట్ దాకా ఎలాగో తెచ్చినా లిఫ్టులో పట్టేది కాదు, మెట్ల మలుపుల్లో తిరిగేది కాదు. నాలుగో అంతస్తుకు చేర్చేసరికి అక్కడి గోడల సున్నం మా చొక్కాలకు, మా నిచ్చెన గీతలు ఆ గోడలకు అంటేవి. అందుకే నాలుగు మడతల అల్యూమినియం నిచ్చెన బజారులోకి వచ్చాక ఏసీ ఫిట్టర్లు, సీసీ కెమెరాలు పెట్టేవాళ్ళు, ఇంటర్నెట్ కేబుల్ లాగేవాళ్ళు, పెయింటర్లు దాన్నే కొనుక్కున్నారు. మడిస్తే మూడు నాలుగడుగుల పొడవు, లిఫ్టులో మన పక్కనే నిలబడుతుంది. విప్పితే గోడకు ఆనించే పొడుగు నిచ్చెన, సగానికి వంచితే రెండు వైపులా ఎక్కే ‘ఎ’ ఆకారం, ఇంకోలా వంచితే పలక పరుచుకుని నిలబడే చిన్న మంచె.

ఈ సౌకర్యానికి మనం చెల్లించే ధర ఒకటుంది. వెదురు నిచ్చెన అడుగు నుంచి కొస దాకా ఒకే కట్టె. మడత నిచ్చెన అలా కాదు. నాలుగు ముక్కలను కీళ్ళతో కలిపినది. ముక్కల మధ్య మూడు చోట్ల, రెండు పక్కలా, మొత్తం ఆరు కీళ్ళు. విప్పిన ప్రతిసారీ ఆ ఆరూ బిగిస్తేనే అది నిచ్చెన. ఐదు బిగిసి ఒకటి బిగియకపోతే అది ఎప్పుడు మడుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు.

నాకది ఒక అపార్ట్‌మెంట్ లాబీలో తెలిసింది. పైన రెండు లైట్లు మార్చాలి. వాచ్‌మన్ తొందరపెడుతున్నాడు, లిఫ్టు దగ్గర జనం ఆగి ఉన్నారు. నిచ్చెనను నిలబెట్టి, నిలువునే సాగదీసి, గోడకు ఆనించాను. చూడ్డానికి నిటారుగానే ఉంది. మొదటి మెట్టు ఎక్కాను, రెండోదీ ఎక్కాను, ఏమీ కాలేదు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టి డ్రిల్లు కోసం కిందికి చెయ్యి చాపినప్పుడు నడిమి కీలు వదిలేసింది. ఎడమ చెయ్యి మెట్టుకీ కమ్మీకీ మధ్య ఇరుక్కుంది. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి. పడింది నాలుగు అడుగుల ఎత్తు నుంచే. మూడు నెలలు పని లేదు. తర్వాత చూస్తే ఆ కీలు రంధ్రంలో ఎండిపోయిన వాల్‌పుట్టీ ఉంది. అంతకు ముందు వారం ఆ నిచ్చెనను పెయింటింగ్ పనికి ఇచ్చాం, తిరిగి వచ్చాక ఎవరం చూసుకోలేదు.

కీలు పని చేసే తీరు తెలిస్తే ఈ ప్రమాదం ఎందుకు జరుగుతుందో అర్థమవుతుంది. కీలులో రెండు గుండ్రటి రేకులు ఒకదాని మీద ఒకటి తిరుగుతాయి. వాటి అంచున కొన్ని కోణాల దగ్గర రంధ్రాలో గాళ్ళో ఉంటాయి. స్ప్రింగు ఒత్తిడితో ఒక మేకు ఆ రంధ్రంలోకి దూరినప్పుడు ‘టక్’ మంటుంది. అప్పుడే కీలు బిగిసినట్టు. మేకు సగమే దూరితే రేకుల రాపిడికి నిచ్చెన నిటారుగా ఆగి ఉంటుంది, మనిషి బరువు కూడా కాసేపు మోస్తుంది. మనం పక్కకు ఒరిగి బరువు మారగానే మేకు జారిపోతుంది. కళ్ళకు తేడా తెలియదు కాబట్టే ఈ నిచ్చెన విషయంలో కంటిని నమ్మకూడదు, చెవినీ చేతినీ నమ్మాలి.

అందుకని మా కుర్రాళ్ళకు ఒకటే పద్ధతి నేర్పాను. పొడుగు నిచ్చెనగా వాడాలంటే ముందు నేల మీద పడుకోబెట్టి విప్పాలి. ఒక్కో కీలు సాగదీస్తూ టక్కులు పైకి లెక్కపెట్టాలి: ఒకటి, రెండు... ఆరు. తర్వాత ఒక్కో కీలు దగ్గరా లాక్ మీట పూర్తిగా వెనక్కి వచ్చిందో లేదో బొటనవేలితో తడిమి చూడాలి. ఆపైన నిచ్చెనను పక్కకు తిప్పి, మడత పడే వైపుకు చేత్తో గట్టిగా నొక్కాలి. కదిలితే మళ్ళీ మొదటికి. ఇదంతా చేసినా ఒక నిమిషం పట్టదు. నిలబెట్టి విప్పే అలవాటు మాత్రం పూర్తిగా మానుకోవాలి. వేళ్ళు కీళ్ళ మధ్య నలిగేది కూడా అప్పుడే.

ఇక కొనే సంగతి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, కోఠి ట్రూప్ బజార్‌లోనో, మీ ఊరి హార్డ్‌వేర్ షాపులోనో అడిగితే ‘నాలుగు మూళ్ళు’, ‘నాలుగు నాలుగులు’ అని రెండు రకాలు ఎక్కువగా చూపిస్తారు. నాలుగు భాగాలు, భాగానికి మూడు మెట్లు అంటే మొత్తం 12. భాగానికి నాలుగైతే 16. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూగా 12 మెట్లది పూర్తిగా సాగితే మూడున్నర మీటర్లు, 16 మెట్లది నాలుగున్నర మీటర్ల పైచిలుకు. ‘ఎ’ ఆకారంలో మొదటిది ఐదున్నర, ఆరు అడుగుల మధ్య, రెండోది ఏడు అడుగుల పైన నిలబడుతుంది.

పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందని చాలామంది 16 మెట్లదే తీసుకుంటారు. ముందు మీ పని ఎత్తు లెక్క వేసుకోండి. ఇంట్లో స్లాబు సాధారణంగా 10 అడుగులు. ఐదున్నర అడుగుల మనిషి చేతులు పైకి చాపి సుఖంగా పని చేసే ఎత్తు ఆరున్నర అడుగుల దాకా ఉంటుంది. అంటే పాదాలు నేలకు మూడున్నర అడుగుల పైన ఉంటే చాలు. 12 మెట్లదాన్ని ‘ఎ’ ఆకారంలో పెడితే నాలుగో మెట్టు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. పైన ఇంకా రెండు మెట్లు మిగులుతాయి, మోకాళ్ళకు ఆసరాగా. ఇంటి ఫ్యాన్లు, లైట్లు, ఏసీ లోపలి యూనిట్లు మీ పనైతే ఎత్తు వరకు అది సరిపోతుంది. బరువూ తక్కువ, రోజంతా మోసే భుజానికి ఆ తేడా తెలుస్తుంది. ‘ఎ’ ఆకారంలో పై రెండు మెట్ల మీద, గోడకు ఆనించినప్పుడు పై మూడు మెట్ల మీద నిలబడకూడదన్నది ఐరోపా ప్రమాణం ప్రకారం నిచ్చెన మీద అంటించే బొమ్మల్లోనే ఉంటుంది. ఆ స్టిక్కరు చింపేయకండి.

16 మెట్లది కొన్నవాళ్ళు ఎక్కువగా మోసపోయేది డాబా దగ్గర. “నాలుగున్నర మీటర్లు ఉంది కదన్నా, డాబా మీదికి ఎక్కేయొచ్చు” అంటారు. చూద్దాం. సరైన వాలులో ఆనిస్తే నాలుగున్నర మీటర్ల నిచ్చెన కొస నేల నుంచి 14 అడుగుల దగ్గర ఉంటుంది. స్లాబు పదిన్నర అడుగులు, దాని మీద పిట్టగోడ మూడడుగులు, వెరసి పదమూడున్నర. నిచ్చెన పిట్టగోడ దాటి అరడుగే మిగిలింది. ఎక్కడికైనా దాటి దిగాలంటే నిచ్చెన ఆ అంచు కంటే కనీసం మూడడుగులు పైకి ఉండాలి. లేకపోతే దాటే క్షణంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. దిగేటప్పుడు ఇంకా కష్టం, వెనక్కి తిరిగి కాలితో మెట్టు వెతుక్కోవాలి. నీళ్ళ ట్యాంకు, డిష్, సోలార్ పలకల పని చేసేవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఇంటి లోపలి మెట్ల గది తాళం తీయమని అడగండి. పది నిమిషాలు ఆలస్యమైనా పరవాలేదు.

షాపులో నిచ్చెన చూసేటప్పుడు పెయింటు మెరుపు చూడొద్దు. అక్కడే పూర్తిగా విప్పించండి. ఆరు కీళ్ళూ మీ చేత్తోనే రెండుసార్లు బిగించి వదలండి. ఒక్కటి మొరాయించినా ఆ ముక్క వద్దు. “కొత్తది కదా బాబూ, వాడగా వాడగా సాఫీ అవుతుంది” అని షాపాయన అంటాడు. అవ్వొచ్చు, అవ్వకపోవచ్చు. పక్కన ఇంకోటి ఉంటుంది, అది చూపించమనండి. మెట్టును రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూడండి, కమ్మీలో కదలకూడదు. మెట్టు మీద గాళ్ళు ఉండాలి, నున్నగా ఉంటే తడి బూటు జారుతుంది. అడుగున వెడల్పుగా అడ్డపట్టీ ఉందో లేదో చూడండి. గోడకు ఆనించే నిచ్చెన మూడు మీటర్లు, ఆపైన ఉంటే అడుగు భాగం వెడల్పుగా ఉండాలని ఐరోపా ప్రమాణం ఈఎన్ 131ను సవరించి 2018 నుంచి అమల్లోకి తెచ్చారు. మన దగ్గర ఆ పట్టీని విడిగా ఇచ్చి, బిగించుకోమంటారు. చాలామంది దాన్ని ఇంట్లో అటక మీద పడేస్తారు. మొదటి రోజే బిగించండి.

బరువు సంగతి. ఈఎన్ 131 ప్రకారం చేసిన నిచ్చెన మీద 150 కిలోలు అని ఉంటుంది. అమెరికా పద్ధతిలో గుర్తులుంటే టైప్ 2 అంటే దాదాపు 102 కిలోలు, టైప్ 1 అంటే 113, టైప్ 1ఎ అంటే 136. ఈ అంకెలన్నీ మనిషి, బట్టలు, బూట్లు, నడుముకు కట్టిన సంచి, చేతిలోని మిషను అన్నీ కలిపి. 80 కిలోల మనిషి హ్యామర్ మిషనుతో గోడ కొడుతున్నప్పుడు ఆ అదురు కూడా కీళ్ళకు చేరుతుంది. కాబట్టి 150 అని రాసినదే తీసుకోండి. స్టిక్కరు ఎవరైనా అచ్చేయించుకోవచ్చు గనుక పరీక్ష పత్రం ఉందా అని అడగండి, బిల్లు తీసుకోండి. మన దేశంలో నిచ్చెనల వాడకానికి ఐఎస్ 3696 రెండో భాగం పేరుతో భద్రతా నియమావళి ఉంది. మీరు ఏదైనా కంపెనీ తరఫున పని చేస్తుంటే సూపర్‌వైజర్‌ను దాని గురించి అడగొచ్చు.

కరెంటు పని చేసేవాళ్ళకు వేరే మాట చెప్పాలి. అల్యూమినియం నిచ్చెన మీ పనిముట్టు కాదు. అది కరెంటుకు రాగి తీగలాగే దారి ఇచ్చి నేలకు పంపుతుంది, మధ్యలో ఉన్నది మీరు. ఇంట్లో వచ్చే 230 వోల్టులు ప్రాణం తీయడానికి చాలు. అంతదాకా రాకపోయినా, చిన్న షాకు కొట్టి చెయ్యి వెనక్కి లాక్కుంటే పడిపోతాం. ఎలక్ట్రీషియన్లు ఫైబర్‌గ్లాస్ కమ్మీల నిచ్చెన కొనుక్కోవాలి. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, అయినా అదే కొనాలి. అది కూడా పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడే కాపాడుతుంది. మెయిన్ ఆపాం కదా అని ధైర్యం చేసే ముందు ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉందేమో అడగండి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, మీరు పట్టుకోబోయే ఫ్యాను లైను అప్పుడూ బతికే ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపించి, టెస్టర్ పెట్టి చూశాకే ఎక్కండి. ఫ్యూజు ఉంటే పీకి జేబులో వేసుకోండి. మీరు పైన ఉండగా ఎవరో వచ్చి “కరెంటు పోయిందేంటి” అని స్విచ్చు వేసే ఇళ్ళు నాకు తెలుసు.

వీధిలో నిచ్చెన నిలబెట్టేముందు తల పైకెత్తి చూడాలి. మన కాలనీల్లో 11 కేవీ తీగలు బాల్కనీల పక్క నుంచే పోతుంటాయి. పొడుగ్గా సాగదీసిన నిచ్చెనను నేల మీద నుంచి పైకి లేపుతున్నప్పుడు దాని కొస ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. తీగకు మూడు మీటర్ల లోపు నిచ్చెన గానీ, మనిషి గానీ, చేతిలో రాడ్డు గానీ వెళ్ళకూడదు. అంత స్థలం లేకపోతే ఆ పని ఆ రోజు లేదు. లైన్‌మన్‌తో చెప్పి సరఫరా ఆపించాకే చేయాలి.

నిచ్చెన ఆనించే వాలుకు పాత లెక్క ఒకటుంది, దాన్ని మించినది లేదు. కొస ఆనిన చోటు 12 అడుగుల ఎత్తుంటే పాదం గోడకు మూడడుగుల దూరం. నాలుగుకు ఒకటి. టేపు లేకపోతే నిచ్చెన పాదాలకు మీ బూటు కొసలు తాకించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. అరచేతులు ఎదుట మెట్టుకు అందితే వాలు సరిగ్గా ఉన్నట్టే. ఎక్కువ పడుకోబెడితే మడత నిచ్చెనకు నడిమి కీళ్ళ దగ్గర కుంగు వస్తుంది, పాదం కూడా జారుతుంది. మరీ నిలబెడితే వెనక్కి పడుతుంది.

పాదం కింద ఏముందో చూడని వాళ్ళే ఎక్కువ. విట్రిఫైడ్ టైల్స్ మీద అప్పుడే తడి గుడ్డ పెట్టి ఉంటారు. పెయింటర్లు నేల పాడవకుండా పాలిథీన్ పరిచి దాని మీదే నిచ్చెన వేస్తారు. ఆ రెండూ జారుడే. నిచ్చెన పాదాలు ఆనే చోట పాలిథీన్ కోసి తీసేయండి, తడి తుడవండి. గ్రానైట్ మీద ఇసుక రేణువులున్నా ఊడ్చాలి. గోనెసంచి వేస్తే ఆగుతుందనుకుంటారు, టైల్ మీద గోనెసంచే జారుతుంది. బయట మెత్తటి నేలైతే వెడల్పాటి చెక్క పలక వేయండి. ఒక కాలు కింద ఇటుక ముక్క పెట్టి సరిచేయడం మాత్రం వద్దే వద్దు. మెట్ల దారిలో తరచూ పని ఉంటే నాలుగు సమాన ముక్కల నిచ్చెనతో అవస్థ పడకండి. ఒక్కో పక్క కాళ్ళు పొడవు పెంచుకునే కీలు నిచ్చెనలు వేరే ఉన్నాయి, అవి కొనుక్కోండి. తలుపు ముందు నిచ్చెన వేస్తే ఆ తలుపు గడియ పెట్టాలి, లేదా అక్కడ మనిషిని నిలబెట్టాలి. అవతలి నుంచి పిల్లవాడు తోసుకొస్తాడు.

ఎక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్ళలో మూడు ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. అంటే చేతిలో వస్తువు ఉండకూడదు. సంచి నడుముకు కట్టుకోండి, బరువైనవి తాడుతో పైకి లాగండి. ఏసీ బయటి యూనిట్ చాలాసార్లు 30 కిలోలు దాటుతుంది, దాన్ని భుజాన పెట్టుకుని నిచ్చెన ఎక్కే కుర్రాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇద్దరు పైనుంచి తాడుతో లాగాల్సిన వస్తువది. మీ బెల్టు బకిల్ ఎప్పుడూ రెండు కమ్మీల మధ్యనే ఉండాలి. అది కమ్మీ దాటిందంటే మీరు మరీ ఒరిగారు, దిగి నిచ్చెన జరపండి. హవాయి చెప్పులతో ఎక్కొద్దు. వట్టి కాళ్ళకు మెట్టు అంచు కోసుకుని పది నిమిషాల్లోనే కాలు మార్చుకుంటూ ఉంటారు, అదీ మంచిది కాదు.

పెయింటర్లకు ఒక అలవాటుంది. ‘ఎ’ నిచ్చెన మీద రెండు వైపులా కాళ్ళు వేసి నిలబడి, దిగకుండా నిచ్చెననే కాళ్ళతో నడిపించుకుంటూ గది చుట్టేస్తారు. చెక్క నిచ్చెన మీద అది నైపుణ్యంలా కనిపించేది. కీళ్ళ నిచ్చెన మీద ప్రతి అడుగుకూ కీలు మెలి తిరుగుతుంది, మేకు రంధ్రాన్ని అరగదీస్తుంది. కొన్నాళ్ళకు ఆ కీలు వదులవుతుంది. నిచ్చెనను ‘ఎం’ ఆకారంలో మంచెగా వాడుకోవాలంటే దాని కోసం చేసిన పలకలే వేయాలి. వట్టి మెట్ల మీద నిలబడినా, సెంట్రింగ్ చెక్క ముక్క అడ్డంగా వేసినా పాదం మెట్ల సందులోకి దిగుతుంది.

ఒకే చోట ఎంతసేపు? బ్రిటన్‌లోని భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఇచ్చే సలహా నాకు నచ్చింది: ఒకేసారి 30 నిమిషాలకు మించి నిచ్చెన మీద ఉండాల్సిన పనైతే వేరే ఏర్పాటు ఆలోచించండి అని. హాలు మొత్తం ఫాల్స్ సీలింగ్ వేయడం, బయటి గోడకు పెయింటు, గోడ పగలగొట్టడం, ఇవి నిచ్చెన పనులు కావు. కర్రల పరంజా కట్టించాలి, లేదా చక్రాల స్కాఫోల్డింగ్ అద్దెకు తేవాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో ముందే రాయండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు, అప్పుడు నిచ్చెన మీదే ఆ పనంతా చేయాల్సి వస్తుంది.

ఇళ్ళలో మనకు ఎక్కువగా వినిపించే మాట: “ఒక్క బల్బే కదా బాబూ, ఈ కుర్చీ ఎక్కి మార్చేయ్.” డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి మరీ పట్టుకుంటారు. మర్యాదగానే చెప్పండి: “వద్దమ్మా, కింద బండి దగ్గర నిచ్చెన ఉంది, రెండు నిమిషాల్లో తెస్తాను.” ఇప్పటిదాకా ఆ మాట విన్నాక నన్ను పనిలోంచి పంపేసిన ఇల్లాలు ఒక్కరూ లేరు. రాత్రి సరిగ్గా నిద్ర లేకపోయినా, కళ్ళు తిరిగే మందులు వేసుకుంటున్నా, ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళు తాగకుండా ఉన్నా తోటివాడికి చెప్పండి: “నువ్వెక్కరా, నేను కింద పట్టుకుంటా.”

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరగొచ్చు, దానికీ సిద్ధపడాలి. నిర్మాణ రంగంలో పని చేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, పెయింటర్లు 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. 1996 చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. నా చెయ్యి విరిగినప్పుడు నాకు ఆ నమోదు కార్డు లేదు. కార్మిక శాఖ కార్యాలయానికి ఒక పూట పని మానుకుని వెళ్ళి రండి.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళు మాతో పని చేసినప్పుడు ఒక పద్ధతి చెప్పారు. అక్కడి పెద్ద సైట్లలో నిచ్చెనను తనిఖీ చేసి దానికి ట్యాగు కడతారు. ట్యాగు లేని నిచ్చెన ఎక్కనివ్వరు. మేమూ మొదలుపెట్టాం. ప్రతి నెల మొదటి ఆదివారం కీళ్ళలోని పుట్టీ, పెయింటు పాత టూత్‌బ్రష్‌తో గీకి, ఒక చుక్క మిషన్ ఆయిల్ వేస్తాం. రివెట్లు వదులయ్యాయా, రబ్బరు తొడుగులు అరిగాయా చూస్తాం. తొడుగులు విడిగా దొరుకుతాయి, మార్చుకోవచ్చు. తర్వాత తేదీ రాసిన రిబ్బను కడతాం. వంగిన మెట్టును సుత్తితో సరిచేయడం, పగిలిన కమ్మీకి వెల్డింగ్ పెట్టించడం చేయం. అల్యూమినియం ఒకసారి వంగితే ఆ చోట బలం పోయినట్టే. అలాంటి నిచ్చెనను పక్కన పెట్టేస్తాం.

పక్కన పెట్టిన నిచ్చెనను పాత సామాను కొట్టుకు అలాగే వేయకండి. అక్కడ దాన్ని ఎవరో సగం ధరకు కొనుక్కుని, మర్నాడు ఎక్కడో ఎక్కుతారు. నన్ను పడేసిన నిచ్చెనను కట్టు విప్పిన వారానికి బయటికి తీశాను. హ్యాక్సాతో రెండు కమ్మీలనూ నడిమికి కోసి, ఆరు కీళ్ళూ విడగొట్టి, ముక్కలుగా కాటా వేయించాను.